కెమెరాలో చెయ్యి ఊపినవాడు

కిందటి వారం మనం యారినాను తెర ముందు కూర్చోబెట్టి వచ్చాం. ఒడెసా ఊరి చివర, ఎప్పుడో మూతపడిన ఆరోగ్యనిలయం నేలమాళిగలో ఆమె కూర్చుని ఉంది. ఆమె నడిపే పడవ మాత్రం అక్కడ లేదు. అది అప్పటికే నల్లసముద్రంలో చాలా దూరం వెళ్లిపోయింది. దానిలో మనిషి ఉండడు. ముక్కు నిండా పేలుడు మందు, పైన ఒక కెమెరా, వెనక ఇంజను, అంతే. దాడి చేయాల్సిన శత్రు ఓడ పేరు వినగానే యారినా దాన్ని మరోసారి చెప్పమని అడగడం కూడా మనం చూశాం.

ఆ ఓడ పేరు బెలోగోర్. అందులో క్షిపణుల విభాగం అధికారి హ్లీబ్, ఆమె సొంత అన్న.

తొమ్మిదేళ్ల కిందట క్రిమియాను రష్యన్లు పట్టుకున్నప్పుడు ఆ కుటుంబం రెండు ముక్కలయింది. ఉక్రెయిన్ నౌకాదళంలో ఓడ కెప్టెన్‌గా చేసిన తండ్రి వలేరియన్ రొమానోవిచ్, కూతురి చెయ్యి పట్టుకుని ఒక్క పెట్టెతో క్రిమియా రేవు సెవాస్తోపోల్ వదిలి ఒడెసా వచ్చేశాడు. కడుపుతో ఉన్న భార్య రిమ్మాను, అత్తవారి ఇంటిని వదలలేక హ్లీబ్ అక్కడే ఉండిపోయాడు. తండ్రి వందనం చేసిన జెండాను దించి, ఇంకో జెండాకు ప్రమాణం చేశాడు.

అన్న ఆ ఓడలో ఉన్నాడని యారినా తన దళంలో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆమెను కుర్చీలోంచి లేపుతారు. మరొకరు వచ్చి కూర్చుంటారు. పడవ మాత్రం ఆగదు. ఎటూ ఆగనిదాన్ని తానే నడిపితే కనీసం చివరి క్షణం వరకూ చూస్తూ ఉండొచ్చు కదా అనుకుంది. ఆ ఆలోచనలో అర్థం ఎంత ఉందో ఆమెకే తెలియదు.

తెల్లవారింది. తెర మీద నీళ్లు ముందు బూడిదరంగులో ఉండి, మెల్లగా నీలం తిరిగాయి. దూరంగా బెలోగోర్ కనిపించింది. తూర్పున ఉన్న రష్యా రేవు నొవొరొసీస్క్ వైపు పారిపోతోంది. ఒకప్పుడు ఆ రష్యా నౌకాదళానికి సెవాస్తోపోల్ రేవు సొంతిల్లు. యుద్ధం మొదలైన వసంతంలో, ఒడ్డు మీద లారీల నుంచి వదిలిన క్షిపణులు వాళ్ల పెద్ద ఓడను ముంచేశాయి. ఆ తరువాత మనిషి లేని ఈ పడవలు వచ్చాయి. ఇప్పుడు ఓడలు రేవులో ఉండాలన్నా భయమే, బయటికి రావాలన్నా భయమే. ఎక్కడైనా దూరంగా దాక్కోవచ్చా అని చూస్తున్నాయి.

“జఖార్, కాస్త కుడికి పట్టు. మరీ ఎడమకి పోతున్నావ్” అన్నాడు కొంగ.

కొంగ అంటే దళ నాయకుడు. పొడుగు కాళ్ల వల్ల వచ్చిన మారుపేరు. అసలు పేరు అక్కడెవరూ పలకరు.

“ఇరవై ఏళ్లు ట్రాలీబస్సు నడిపినవాణ్ణి, నాకే చెబుతావా?” అన్నాడు పక్క తెర ముందున్న జఖార్.

“అందుకే చెబుతున్నా. నీ బస్సుకి పైన తీగలుండేవి, అదే తీసుకెళ్లేది. ఇక్కడ తీగల్లేవు బాబూ.”

ఎవరో నవ్వారు. యారినా నవ్వలేదు.

మొత్తం నాలుగు పడవలు. ముందు వెళ్లిన రెండింటినీ ఓడ మీది మెషిన్‌గన్లు ముక్కలు చేశాయి. వాటిని నడిపిన ఇద్దరి తెరలూ బూడిదరంగుకు మారిపోయాయి. వాళ్లు కుర్చీలు వెనక్కి జరిపి, చేయడానికి ఏమీ లేక యారినా వెనక వచ్చి నిలబడ్డారు. జఖార్ పడవ మాత్రం తూటాల మధ్యలోంచి పాములా మెలికలు తిరుగుతూ వెళ్లి ఓడ వెనక భాగాన్ని గుద్దింది. అతని తెరా ఆరిపోయింది. అదే దృశ్యం యారినా కెమెరాలో దూరం నుంచి కనిపించింది. ఓడ ఒక్కసారి వెన్ను విరిచినట్టు లేచి పడింది. నల్లటి పొగ. కాసేపటికి కదలడం మానేసింది.

మనుషులు నీళ్లలోకి దూకడం మొదలుపెట్టారు.

యారినాకు ఓడంటే చిన్నప్పటి నుంచీ పుట్టిల్లు లాంటిది. నౌకాదళ దినోత్సవం నాడు నాన్న వాళ్లిద్దరినీ ఓడ ఎక్కించేవాడు. వంటగదిలోంచి బోర్ష్ పులుసు వాసన, ఎండకు కాగిన రంగు వాసన కలిసి వచ్చేవి. హ్లీబ్ ఆమెను భుజాల మీద ఎక్కించుకుని ఇనుప మెట్లు దిగేవాడు, నాన్న కింద నుంచి తిడుతూ ఉండేవాడు. తెరలో ఇప్పుడు అలాంటి మెట్ల మీద నుంచే మనుషులు ఒకరి మీద ఒకరు పడుతున్నారు.

“యారినా, నీ వంతు” అన్నాడు కొంగ. “నడుము మీద కొట్టు. ఇంజను గది అక్కడే. మళ్లీ కదలకూడదు అది.”

“నీళ్లలో మనుషులున్నారు.”

“కనిపిస్తున్నారు.”

“నా దారిలోనే ఉన్నారు.”

కొంగ ఆమె తెర మీదికి వంగాడు. “వాళ్ల మీద నుంచి పొమ్మని నేను అనను. చుట్టి పో. కానీ ఆగొద్దు. దాని మీద ఇంకా క్షిపణులున్నాయి. ఈడ్చుకుని రేవు చేరిందంటే మళ్లీ మన మీదకే వదులుతారు. పోయిన నెల మీ వీధి చివర రొట్టెల దుకాణం ఏమైందో నాకంటే నీకే బాగా తెలుసు.”

ఆమెకు తెలుసు. కౌంటర్ దగ్గర నిలబడే లావుపాటి ఆవిడ తెలుసు. ఆవిడ ఎప్పుడూ చేతికి వేడి రొట్టె ఇస్తూ, “కాలుతుంది, కాలుతుంది” అనేది.

పడవను ఎడమకు తిప్పింది. అప్పుడే ఆ మనిషి కనిపించాడు.

నారింజ రంగు లైఫ్ జాకెట్ వేసుకుని నీళ్ల మీద తేలుతున్నాడు. మిగతా వాళ్లకు దూరంగా, ఒంటరిగా. పడవ వైపే చూస్తూ రెండు చేతులూ ఊపుతున్నాడు. పొగలోంచి, ఎదురు ఎండలోంచి తన వైపు వస్తున్న చిన్న పడవను చూసి, ఎవరో కాపాడటానికి వస్తున్నారనుకున్నాడు. నోరు పెద్దగా తెరిచి ఏదో అరుస్తున్నాడు. ఆ కెమెరా చూస్తుందే గాని, వినలేదు.

ఆమె ఇంకాస్త ఎడమకు తిప్పింది. అతను కూడా అటే ఈదాడు. కుడికి తిప్పితే కుడికి వచ్చాడు. తన కోసం వస్తున్న పడవ తనను చూడకుండా దాటి వెళ్లిపోతుందేమోనని అతని భయం. ఆమె ఎంత తప్పించబోతే అతను అంత ఎదురొచ్చాడు.

ఆమె వేగం తగ్గించింది.

“ఏం చేస్తున్నావ్?” అన్నాడు కొంగ. “యారినా! ఆపితే పోతుంది. గన్ను తిప్పుతున్నారు చూడు!”

ఓడ మీద ఇంకా ఎవరో ఒకడు తుపాకీ వదలకుండా నిలబడి ఉన్నాడు. పడవ చుట్టూ నీళ్లు చిమ్మడం మొదలైంది. కెమెరా మీద ఉప్పునీటి చుక్కలు పడి ఆ మనిషి ముఖం చెదిరిపోయింది. జుట్టు ఏ రంగో తెలియలేదు. వయసెంతో తెలియలేదు. మెడ ఒక పక్కకు వాల్చి ఉందనిపించింది. హ్లీబ్‌కు చిన్నప్పుడు చెవి నొప్పి వచ్చినప్పటి నుంచి మెడ అలాగే వాల్చే అలవాటు. కాని నీళ్లలో తేలేవాడు ఎవడైనా మెడ వాలుస్తాడు కదా.

ఆమె వేళ్లు తమంతట తామే కదిలాయి. పడవ గట్టిగా కుడికి విరిగింది. నారింజ రంగు తెర అంచు దాటి జారిపోయింది. దాటిపోయిన పడవ లేపిన అల అతన్ని ముంచిందో, పక్కకు నెట్టిందో కెమెరా చూపించలేదు. దానికి ముందు చూపే ఉంది. ఓడ పక్క భాగం దగ్గరయింది, ఇంకా దగ్గరయింది. తుప్పు చారలు, మేకుల తలలు, నీటి గీత కింద పట్టిన పాచి. ఆ తరువాత తెర బూడిదరంగు.

“టెర్మినస్!” అని బస్సు అలవాటుతో అరిచాడు జఖార్. అందరూ దిగండి అనబోయి, యారినా ముఖం చూసి ఆగిపోయాడు.

బెలోగోర్ ఒక పక్కకు ఒరిగి మునిగిపోయిందని పొద్దెక్కాక కబురొచ్చింది. కొంగ ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. “ఇంటికి పో. పడుకో. ఈ రోజుకి ఎవరూ నిన్నేమీ అడగరు” అన్నాడు.

ఆమె ట్రామెక్కింది. బయట ఎండ కాస్తోంది. చేపల బజారు దగ్గర ఆడవాళ్లు బుట్టల్లో బిచ్కీ అనే చిన్న చేపలు పెట్టుకుని బేరాలాడుతున్నారు. ట్రాములో ఎదురు సీట్లో ఇద్దరు ఆడవాళ్లు ఒకే ఫోన్‌లోకి వంగి దాడి వీడియో చూస్తున్నారు.

“వెనక్కి తిప్పు, వెనక్కి తిప్పు. ఇదిగో వీణ్ణి చూడు. టాటా చెబుతున్నాడు!”

“మరి చెప్పాలిగా, మళ్లీ కలవరు కదా” అంది రెండో ఆవిడ. ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వులో పైశాచికత్వం ఏమీ లేదు. చాలా కాలంగా కరెంటు లేక, నీళ్లు లేక, సైరన్ల కింద బతికిన ఆడవాళ్ల నవ్వు అది. మొదటావిడ యారినా వైపు ఫోన్ తిప్పింది. “నువ్వు చూశావా అమ్మాయ్? నౌకాదళం వాళ్లు ఇప్పుడే పెట్టారు.”

“చూశాను” అంది యారినా. తను దిగాల్సిన స్టాపుకు ముందే దిగి నడిచింది.

ఇంటి తలుపు తీసి ఉంది. వంటింట్లోంచి మాడిన నూనె వాసన. పొయ్యి ఆర్పి ఉంది, పెనం మీద చేపలు నల్లగా అతుక్కుపోయాయి. వలేరియన్ రొమానోవిచ్ బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. చారల బనీను మీద పాత నౌకాదళం స్వెటర్ వేసుకున్నాడు. రాత్రంతా పడుకోలేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది. ఉప్పు డబ్బాకు ఆనించి ఫోన్ నిలబెట్టుకున్నాడు.

కూతురు నౌకాదళం సరఫరా విభాగంలో టైపు పని చేస్తుందని ఆయన నమ్మకం. ఆమె అలాగే చెప్పింది.

“వచ్చావా యారొచ్కా? ఇలా రా. నీ కళ్లు మంచివి. ఇది చూడు.”

“నాన్నా, నేను పడుకుంటాను.”

“ఒక్క నిమిషం. మీ వదిన రిమ్మా పంపింది. రేవు దగ్గర ఆడవాళ్లందరూ నిలబడి ఉన్నారంట, ఎవరూ ఏమీ చెప్పడం లేదంట. ఓడ క్షేమంగా ఉంది, ఇళ్లకు పొండి అంటున్నారంట. వాళ్లందరి ఫోన్లలోనూ ఇదే తిరుగుతోంది. ఇదిగో, ఇక్కడ. వీడు. మనవాడేనా?”

ఆమె చూడలేదు. కిటికీ వైపు తిరిగింది.

“చూడమ్మా. మెడ వాల్చి ఉంది కదా? నాకు అలాగే అనిపిస్తోంది. పొద్దుట నుంచి చూసి చూసి నాకు అందరూ వాడిలాగే కనిపిస్తున్నారు. ఈ వెధవలు ఇక్కడికి వచ్చేసరికి ఆపేశారు. తరువాత ఏమైందో పెట్టలేదు. పడవ వాడి మీద నుంచే పోయిందా, ఏం చేసిందో...”

“లేదు నాన్నా. కుడివైపుకు తప్పించాను.”

మాట నోట్లోంచి వచ్చాక గాని తనేమందో ఆమెకు తెలియలేదు.

ఫోన్‌లో ఆ మనిషి చేతులూపడం అయిపోయి, మళ్లీ మొదటి నుంచి మొదలైంది. ముసలాయన ఫోన్‌ను బోర్లించాడు.

“ఏమన్నావ్?”

ఆమె కిటికీ రెక్క మూసింది.

“తప్పించాను అన్నావ్. తప్పించారు అనలేదు.”

“అవును.”

“నువ్వా?”

“నేనే. నాలుగోది నాది.”

ఆయన లేచి నిలబడబోయి, మోకాళ్లు సహకరించక మళ్లీ కూర్చున్నాడు. “టైపు పని” అన్నాడు. “రాసుకున్న కాగితాలేమైనా ఉంటే ఇంటికి తెచ్చుకో, నేను దిద్దిపెడతాను అన్నాను నీతో. తలకాయ ఊపావ్.”

“చెప్పకూడదు నాన్నా. ఎవరికీ.”

“నీకు తెలుసా? ఆ ఓడలో వాడున్నాడని తెలిసే చేశావా?”

“తెలుసు.”

“తెలిసే!” ఆయన అరచేత్తో బల్ల మీద కొట్టాడు. ఉప్పు డబ్బా పడి దొర్లింది. “మీకు ఓడలు తెలియవు. మీకు తెరలే తెలుసు. నేను కుర్రాడిగా దళంలో చేరిన మొదటి రోజు మాకు ఏం నేర్పారో తెలుసా? నీళ్లలో పడ్డవాడు నీళ్లలో పడ్డవాడే. వాడి జెండా ఏదైనా సరే. ముందు పైకి లాగు, ఆరిన బట్టలివ్వు, తరువాత ఖైదు చేసుకో. మేమూ యుద్ధానికే తయారయ్యాం. మాకూ ఫిరంగులున్నాయి. కాని ఎదుటి ఓడలో మనిషి ఉంటే, ఈ ఓడలోనూ మనిషి ఉండేవాడు. వాడు చెయ్యి ఎత్తితే చూసేవాడు ఉండేవాడు!”

“నేను చూశాను నాన్నా.”

“చూసి ఏం చేశావ్?”

“ఏం చేయమంటావ్?” ఆమె గొంతు పెరిగింది. “నా పడవలో చోటు లేదు. కూర్చోడానికి బల్ల లేదు, పట్టుకోడానికి తాడు లేదు, లాగడానికి చెయ్యి లేదు. ఆపేసి అక్కడే నిలబెట్టినా, దాన్ని పట్టుకుంటే వాడు దాంతో పాటే పేలిపోతాడు. తిరిగి రమ్మన్నా అది రాదు, వచ్చేంత ఇంధనమే పోయరు. దానికి వెళ్లడమే ఉంది. దాన్ని నేను తయారు చేయలేదు. నేను కాకపోతే జఖార్, జఖార్ కాకపోతే ఇంకొకడు. నేను ఆపినంతసేపు ఆపాను. ఎంతసేపో తెలుసా? వాడు ఇంకోసారి చెయ్యి ఊపేంత.”

ఆయన తల వంచుకున్నాడు.

“ఇంకో మాట” అంది ఆమె, ఇప్పుడు ఆగలేక. “రొట్టెల దుకాణం మీద పడింది ఏ ఓడ వదిలిన క్షిపణో తెలుసా నీకు? బెలోగోర్‌దే. ఆ మీట నొక్కింది ఎవరు నాన్నా? నువ్వు రోజూ రొట్టె తెచ్చుకునే దుకాణం అది. ఆ పొద్దుట నీకు జలుబు చేసి వెళ్లలేదు గనక బతికున్నావ్. లేకపోతే నీ కొడుకే నిన్ను...”

“తెలుసు.”

“ఏం తెలుసు?”

“వాడే చెప్పాడు.”

ఆమె నెమ్మదిగా బల్ల అంచు పట్టుకుంది.

తండ్రీ కొడుకూ చాలా ఏళ్లు మాట్లాడుకోలేదని యారినాకు తెలుసు. మళ్లీ మాట్లాడుకుంటున్నారని మాత్రం తెలియదు. ఒడెసాలో కరెంటు పోయిన మొదటి చలికాలంలో హ్లీబ్ ఫోన్ చేశాడట. “నాన్నా, చలిగా ఉందా?” అని అడిగాడట. ఆయన తిట్టి పెట్టేశాడట. రెండోసారి చేస్తే తిట్టలేకపోయాడట.

“నాకు అంకెలే ఇస్తారు నాన్నా అన్నాడు వాడు” అన్నాడు ముసలాయన. “ఇంత అక్షాంశం, ఇంత రేఖాంశం. ఊరి పేరు ఇవ్వరట. అంకెలు చూసి ఊరు పోల్చుకోలేవా, అంత చవటవా అన్నాను. పోల్చుకోగలను, అందుకే మీకు ఫోన్ చేస్తుంటాను, మీరు ఎత్తితే బతికున్నట్టు అన్నాడు. ప్రతిసారీ క్షిపణి వదిలి ఒడ్డు చేరాక చేసేవాడు. నేను ఎత్తగానే ఏమీ మాట్లాడకుండా పెట్టేసేవాడు.”

యారినా కుర్చీ లాక్కుని కూలబడింది.

“వాడు చెడ్డవాడు కాదమ్మా. గట్టివాడు కాదు, అంతే. నువ్వు మీ అమ్మలాగ, వాడు నాలాగ.”

“ఇదంతా నాకు ఎందుకు చెప్పలేదు?”

“నువ్వు చెప్పావా నాకు?”

ఆయన లేచి పెనం తీసి తొట్టిలో పెట్టాడు, కుళాయి తిప్పాడు, నీళ్లు రాలేదు. తిరిగి వచ్చి కూర్చున్నాడు.

“ఓడ ఈ రోజు తెల్లారి బయలుదేరుతుందని మీ వాళ్లకు ఎలా తెలిసింది?”

“ఆ సంగతి మాకు చెప్పరు. పైనుంచి వస్తుంది.”

“పైన అంటే కుజ్మా” అన్నాడు ఆయన.

కుజ్మా అంటే ఆయనతో పాటు ఒకే ఓడలో పనిచేసిన పాత స్నేహితుడు. ఇప్పుడు నౌకాదళ ప్రధాన కార్యాలయంలో ఉంటాడు. ఆదివారాలు చదరంగం ఆడటానికి వస్తాడు.

“పోయిన ఆదివారం వాడికి నేనే చెప్పాను.”

“నాన్నా!”

“మోకాలు ఆపరేషన్ అయిందన్నాడు హ్లీబ్. చంకకర్రలతో నడుస్తున్నానన్నాడు. శుక్రవారం తెల్లారి ఓడ నొవొరొసీస్క్ వెళ్లిపోతోంది, నన్ను వదిలేసి పోతోంది, ఇంక నా చేతి మీదుగా ఏమీ వెళ్లదు నాన్నా అని ఏడ్చాడు. సంతోషంతో ఏడ్చాడు. నేనేమనుకున్నాను? అబ్బాయి ఒడ్డున ఉన్నాడు, ఓడ పోతే పోనీ, ఇనుమే కదా అనుకున్నాను. ఇనుమే కదా!” ఆయన పడిన ఉప్పు డబ్బా తీసి నిలబెట్టాడు. “దాంట్లో ఇంకెంతమంది పిల్లలుంటారో నాకు తెలియదా? నా జీవితమంతా వాళ్లతోనే గడిచింది. అయినా నాకు తట్టలేదు. నావాడు లేడు, అంతే చాలనుకున్నాను.”

“అయితే వాడు ఓడలో లేడా?” ఆమె లేచి నిలబడింది. ఆమె ముఖంలో ఒక్కసారిగా ప్రాణం వచ్చింది. “ఒడ్డునే ఉన్నాడా?”

ఆయన ఆ ముఖం వైపు చూడలేకపోయాడు.

“నిన్న సాయంత్రం రిమ్మా కబురు పెట్టింది. వాడి బదులు వెళ్లాల్సిన అధికారి ఓడ ఎక్కనని తప్పించుకుపోయాడంట. కారు పంపి హ్లీబ్‌ను తీసుకుపోయారంట. చంకకర్రతోనే. పిల్లాడికి బూట్లు కొనడానికి వెళ్లబోతుంటే గుమ్మంలోంచి తీసుకుపోయారు.”

యారినా కళ్ల ముందు నీళ్లలో ఆ మనిషి మళ్లీ వచ్చాడు. ఒక కాలితో ఈదేవాడు అలా ఒక పక్కకే వాలతాడా? అందుకేనా ఆమె తిప్పిన వైపుకల్లా అంత కష్టంగా వచ్చాడు? లేక ఇప్పుడు ఇది విన్నాక అలా అనిపిస్తోందా?

“నువ్వు కుజ్మాకు చెప్పొచ్చుగా. ఆపమని.”

“వెళ్లాను. నీ మాట అందగానే పైకి పంపేశాం, ఇంక నా చేతుల్లో లేదు అన్నాడు. ఓడలో కొడుకున్నాడని చెప్పాను. తల పట్టుకున్నాడు. నన్ను కౌగిలించుకున్నాడు. అంతకు మించి వాడేం చేస్తాడు? ఒక్క మనిషి కోసం ఆపమంటే ఎవరాపుతారు, ఆపితే ఎందుకాపాం అని అడగరా?”

“మరి హ్లీబ్‌కు...”

“చేశాను. ఫోన్ పలకలేదు. ఓడ ఎక్కేటప్పుడు లాక్కుంటారు కదా. రిమ్మాకు చేశాను. ఎన్నిసార్లు చేశానో నాకే గుర్తులేదు. మన ఇంటి ఫోన్ నుంచే. ఎత్తలేదు.”

“ఎత్తలేదా?”

“ఎత్తలేదు” అన్నాడు ఆయన, కిటికీ వైపు చూస్తూ. “ఎత్తి ఉంటే ఏం చెప్పేవాణ్ణో కూడా తెలియదు. ఏం చెప్పినా పడవలు నడిపే పిల్లల కష్టం వృథా అవుతుంది, ఆ క్షిపణులు మళ్లీ మన మీదే పడతాయి అనుకున్నాను. ఆ పిల్లల్లో నువ్వున్నావని అప్పుడు తెలియదు.”

యారినా ఆయన పక్కకు వెళ్లి నిలబడింది. ఏళ్ల తరువాత మొదటిసారి తండ్రి తల తన పొట్టకు ఆనించుకుంది. ఆయన జుట్టులో పొగాకు వాసన, మాడిన చేప వాసన. ఇద్దరూ ఏడవలేదు. ఏడవడానికి వాడు పోయాడన్న సంగతైనా తెలియాలి కదా. అదీ తెలియదు.

ఎవరో తలుపు తట్టారు.

తీసే ఉన్న తలుపును తట్టడమే వింతగా ఉంది. బూడిదరంగు కోటు వేసుకున్న నడివయసు మనిషి గుమ్మంలో నిలబడి, మర్యాదగా బూట్లు పట్టా మీద తుడుచుకుంటున్నాడు. భద్రతా విభాగం కార్డు చూపించాడు. వెనక మెట్ల మీద ఇంకెవరో ఉన్నారు.

“క్షమించాలి వలేరియన్ రొమానోవిచ్ గారూ. మీ గురించి విన్నాను. మా నాన్న కూడా నౌకాదళమే” అన్నాడు. నిజంగానే ఇబ్బంది పడుతున్నట్టున్నాడు. “ఒక్కటే ప్రశ్న. నిన్న సాయంత్రం ఈ ఇంటి ఫోన్ నుంచి సెవాస్తోపోల్‌కు మాట్లాడింది ఎవరు?”

ముసలాయన బల్ల మీద చేతులు ఊని లేవసాగాడు. స్వెటర్ కిందికి లాక్కుంటున్నాడు. దాడికి ముందు సాయంత్రం శత్రువుల రేవుకు ఫోన్. అది ఎక్కడికి దారి తీస్తుందో యారినాకు చెప్పనక్కర్లేదు. జైలు గోడల మధ్య ఆ మోకాళ్లు ఒక్క చలికాలం కూడా నిలవవు.

“నేనే” అంది.

“యారినా!” అన్నాడు తండ్రి.

“నేనే చేశాను. మా వదినకు. ఎవరూ ఎత్తలేదు.”

కోటు మనిషి ఆమె వైపు చూశాడు. ఆమె ఎక్కడ పని చేస్తుందో అతనికి తెలుసని ఆ చూపులోనే తెలిసింది. దాడి చేసే దళంలో ఉండి శత్రు రేవుకు ఫోన్ చేశానని ఒప్పుకోవడం తండ్రి నేరం కంటే ఎంత పెద్ద నేరమో కూడా ఆమెకు అప్పుడే తెలిసింది. అతను నిట్టూర్చాడు.

“ఎత్తలేదా?” అన్నాడు మెల్లగా. “కాసేపు మాట్లాడినట్టు మా దగ్గరుందే.”

యారినా తండ్రి వైపు తిరిగింది. ఆయన ముఖంలో రక్తం లేదు.

సరిగ్గా అప్పుడే బల్ల మీద బోర్లించిన ఫోన్ గుర్రుమంటూ కదిలింది. కోటు మనిషి రెండడుగులు వేసి దాన్ని వెల్లకిలా తిప్పాడు. తెర మీద రిమ్మా పేరు.



“ఎత్తండి” అన్నాడతను. “మనందరికీ వినపడేలా పెట్టండి.”

ముసలాయన చెయ్యి కదల్లేదు. యారినా చెయ్యి చాచేలోపే అతనే మీట నొక్కాడు. గాలి హోరు, దూరంగా ఎవరో ఆడవాళ్ల ఏడుపులు, వాటి మధ్యలోంచి రొప్పుతున్న ఒక గొంతు గది నిండా పలికింది.

“మామయ్యా, మామయ్యా, నిన్న ఫోన్‌లో మీరు చెప్పినట్టే చేశాను...”